గ్రామ కావలి సేవల పునర్వ్యవస్థీకరణ: తలారి నుంచి పురపాలక సిబ్బంది వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• తెలుగు ప్రాంతాలలో గ్రామ కావలి, గ్రామ సేవకుల వ్యవస్థ ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• నిజాం రాజ్యంలోను, మద్రాసు ప్రెసిడెన్సీలోను ఈ వ్యవస్థలో వచ్చిన మార్పులను పోల్చి చెప్పగలుగుతారు.
• 1984 నుంచి 2023 వరకు ప్రభుత్వాలు చేసిన పునర్వ్యవస్థీకరణలను వరుసక్రమంలో గుర్తించగలుగుతారు.
• ఈ నిర్ణయాలలో పంచాయతీలకు, పురపాలక సంఘాలకు దక్కిన పాత్ర ఎంతో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

గ్రామానికి కావలి కాసేవాడు ఎవరు? ఊరిలో చాటింపు వేసేవాడు, కొత్తవారు వస్తే కబురు అందించేవాడు, చెరువు తూము ఎత్తి నీళ్ళు పంచేవాడు, పొలం హద్దురాళ్ళు చూపేవాడు ఎవరు? చరిత్ర పుస్తకాలలో రాజుల పేర్లు, దివానుల పేర్లు కనిపిస్తాయి. ఈ పనులు చేసినవారి పేర్లు కనిపించవు. అయినా ప్రభుత్వం అనేది సామాన్య రైతుకు చేరింది వీరి ద్వారానే. వీరిని ప్రాంతాన్ని బట్టి తలారి, వెట్టి, మస్కూరి, కావలికారు, సుంకరి, నీరడి, సేత్‌సింధి అని పిలిచారు.

బాన్సువాడ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యవస్థను పరిశీలిద్దాం. మంజీరా పరీవాహకంలో, నిజాంసాగర్ ఆయకట్టులో ఉన్న ఈ ఊరు నిజామాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండేది. తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మండల కేంద్రమయింది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. 2018లో గ్రామ పంచాయతీ స్థాయి నుంచి పురపాలక సంఘంగా మారింది. అంటే గ్రామ సేవల వ్యవస్థలో వచ్చిన దాదాపు ప్రతి మార్పునూ ఈ ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు చవిచూశాయి.

ప్రతి కాలాన్ని చదివేటప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సేవకుడిని ఎవరు నియమించారు? అతనికి జీతం ఎవరు ఇచ్చారు? అతను ఎవరికి జవాబుదారీగా ఉన్నాడు? ఈ మూడింటికి ఒకే సమాధానం వచ్చిన కాలంలో వ్యవస్థ స్థిరంగా ఉంది. మూడు వేర్వేరు సమాధానాలు వచ్చిన కాలంలో సేవకుడు నలిగిపోయాడు.

2. ఆయగాళ్ళ వ్యవస్థ

కాకతీయుల కాలం నుంచి తెలుగు గ్రామాలలో పన్నెండుమంది ఆయగాళ్ళు ఉండేవారని చరిత్రకారులు చెబుతారు. కరణం, రెడ్డి, తలారి, పురోహితుడు, కమ్మరి, కంసాలి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టి, చర్మకారుడు అనే జాబితా సాధారణంగా కనిపిస్తుంది. ప్రాంతాన్ని బట్టి ఇందులో కొద్దిపాటి మార్పులుంటాయి. విజయనగర కాలంలో ఈ పద్ధతి మరింత స్థిరపడింది.

ఆయగాళ్ళకు నగదు జీతం లేదు. పన్ను లేని, లేదా తక్కువ పన్ను గల మాన్యం భూమి ఇచ్చేవారు. దానితోపాటు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ప్రతి రైతూ కొంత భాగం ఇచ్చేవాడు. దానినే ఆయం, మేర అన్నారు. మరాఠీ ప్రభావం ఉన్న ప్రాంతాలలో దీనికి బలూతా అని పేరు. తలారి ఊరికి కావలి. దొంగతనం జరిగితే జాడ తీయడం, బాటసారులకు దారి చూపడం, పంటలు కాపాడడం అతని పనులు. వెట్టి కబురు మోసేవాడు. అధికారులు వచ్చినప్పుడు సామాను మోసేవాడు.

మన మూడు ప్రశ్నలకు ఇక్కడ సమాధానం దాదాపు ఒక్కటే: ఊరు. ఊరి పంటలోనుంచే ఆయగాడి కూడు వచ్చేది. అతడు ఊరికే జవాబు చెప్పేవాడు. అయితే దీనిని స్వర్ణయుగంగా భావించడం పొరపాటు. ఊరు అంటే అందరూ కాదు. పెద్ద కులాల రైతులు. తలారి, వెట్టి పనులు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలకు, మరికొన్ని వెనుకబడిన కులాలకు వంశపారంపర్యంగా కట్టబెట్టారు. భూమి హక్కు ఎలా తండ్రి నుంచి కొడుకుకు వచ్చేదో, చాకిరీ చేయవలసిన బాధ్యత కూడా అలాగే వచ్చేది. పని మానేస్తే భూమి పోతుంది. భూమి ఉన్నంతకాలం పని తప్పదు. హక్కు, బంధనం రెండూ ఒకే మాన్యంలో కలిసి ఉండడం ఈ వ్యవస్థ ప్రధాన లక్షణం.

3. మద్రాసు ప్రెసిడెన్సీలో మార్పులు

ఈస్టిండియా కంపెనీ పాలన మొదట్లో పాలెగాళ్ళ కావలి అధికారాలను తొలగించి, బెంగాల్ నమూనాలో దారోగాల పోలీసును ప్రవేశపెట్టింది. బయటి నుంచి వచ్చిన దారోగాకు ఊరి సంగతులు తెలియవు. ఊరి కావలికారుకు అధికారం లేదు. ఈ పద్ధతి విఫలమైందని గుర్తించిన తరువాత, థామస్ మన్రో సూచనల ఫలితంగా, 1816 నాటి రెగ్యులేషన్లు గ్రామ పెద్దకు పోలీసు బాధ్యతలు తిరిగి అప్పగించాయి. తలారులు అతని కింద పని చేయాలని నిర్ణయించారు.

1859లో వచ్చిన మద్రాసు పోలీసు చట్టం జీతాలు తీసుకొనే ప్రత్యేక పోలీసు దళాన్ని ఏర్పరచింది. అప్పటినుంచి గ్రామంలో రెండు రకాల రక్షకులు ఉన్నారు. ఒకరు యూనిఫారం వేసుకొన్న, బదిలీ అయ్యే కానిస్టేబులు. మరొకరు గ్రామ మునసబు కింద ఉండే, బదిలీ లేని తలారి. కేసు రాసేది మొదటివారు. జాడ తెలిపేది రెండవవారు.

1894, 1895 సంవత్సరాలలో మద్రాసు ప్రభుత్వం గ్రామోద్యోగాలపై చట్టాలు చేసింది. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వారసత్వ హక్కును లిఖితపూర్వకంగా గుర్తించింది. ఆచారంగా ఉన్నది చట్టంగా మారింది. ఇది ముఖ్యమైన మలుపు. ఎందుకంటే ఆచారాన్ని ఊరు సడలించుకోవచ్చు; చట్టాన్ని మార్చాలంటే ప్రభుత్వమో, న్యాయస్థానమో పూనుకోవాలి.

4. నిజాం రాజ్యంలో గ్రామ సేవకులు

హైదరాబాద్ రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్నాడు. 1865లో అమలుచేసిన జిలాబందీతో జిల్లాలు, తాలూకాలు ఏర్పడ్డాయి. గుత్తేదార్ల ద్వారా శిస్తు వసూలు చేసే పద్ధతి స్థానంలో ఉద్యోగుల వ్యవస్థ వచ్చింది. గ్రామ స్థాయిలో శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ ఉండేవారు. వీరి కింద సేత్‌సింధీలు, నీరడులు, ఇతర సేవకులు పని చేసేవారు.

సేత్‌సింధి అనే మాటకు మూలం చేను, సనదు అనే అర్థాలనిచ్చే మాటలు. అంటే సనదు ద్వారా చేను పొంది, దానికి బదులుగా కావలి పని చేసేవాడు. నీరడి చెరువు నీటికి కాపలాదారు. ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు నీరు పారాలో అతనికి తెలుసు. వర్షాలు తక్కువైన ఏడు, చెరువు అడుగంటినప్పుడు, ఊరిలో తగవులు రాకుండా చూడడం అతని నేర్పుపై ఆధారపడేది.

బాన్సువాడ ప్రాంతంలో ఈ నీటి వ్యవస్థలో పెద్ద మార్పు 1923–1931 మధ్య వచ్చింది. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం పూర్తికావడంతో కాలువ నీరు పొలాలకు చేరింది. చెరువు నీటిని ఊరు పంచుకొనేది. కాలువ నీటిని ప్రభుత్వ శాఖ పంచింది. కాలువ గట్టున తూములు చూసే లష్కరు ప్రభుత్వ సేవకుడు. చెరువు కింద నీరడి, కాలువ కింద లష్కరు: ఒకే పనికి రెండు రకాల జవాబుదారీతనం పక్కపక్కనే నడిచింది.

ఇక వెట్టి విషయం. నిజాం రాజ్యంలో పర్యటించే అధికారులకు, జాగీర్దార్లకు, దేశ్‌ముఖులకు, గ్రామాధికారులకు ఉచితంగా చాకిరీ చేయించుకోవడం సర్వసాధారణం. గ్రామ సేవకుడు ప్రభుత్వ పనికోసం ఉన్నాడా, పటేలు ఇంటి పనికోసం ఉన్నాడా అనే తేడా చెరిగిపోయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలు ఈ సమస్యను ప్రజల ముందుకు తెచ్చాయి. 1937లో ఆరవ మహాసభ నిజామాబాద్‌లోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి రద్దు ప్రధాన నినాదాలలో ఒకటి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) ఆయగాళ్ళకు ప్రతిఫలం ఏయే రూపాలలో లభించేది?
(ఆ) నీరడికి, లష్కరుకు జవాబుదారీతనంలో గల తేడా ఏమిటి?

5. రాజ్యాంగం తరువాత

1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం ఈ వ్యవస్థకు రెండు వైపుల నుంచి సవాలు విసిరింది. 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో వంశం, కులం వంటి కారణాలతో వివక్ష చూపకూడదని చెప్పింది. మొదటిది సేవకుడిని బంధనం నుంచి విడిపించేది. రెండవది అతని వారసత్వ హక్కును కూడా తీసివేసేది.

హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. గ్రామానికి, ప్రభుత్వానికి ఉపయోగపడే సేవకోసం ఇచ్చిన సేత్‌సింధి, నీరడి, బలూతా ఇనాములను ఈ చట్టం తన పరిధి నుంచి మినహాయించింది. దీని అర్థం గమనించండి. పెద్ద ఇనాముల రద్దుకు మార్గం ఏర్పడింది కాని, చాకిరీతో ముడిపడిన చిన్న మాన్యాలు అప్పటికి అలాగే మిగిలాయి. ప్రభుత్వానికి ఆ సేవ అవసరం. నగదు జీతం ఇచ్చే ఏర్పాటు లేదు. అందువల్ల పాత ముడిని విప్పలేదు.

వారసత్వం విషయంలో నిర్ణయాత్మకమైన తీర్పు గాజుల దశరథరామారావు కేసులో వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఒక గ్రామాన్ని విడదీసి కొత్తగా ఏర్పరచిన గ్రామానికి మునసబును నియమించే సందర్భంలో ఈ వివాదం తలెత్తింది. పాత ఉద్యోగి కుటుంబంవారికే ఇవ్వాలని 1895 చట్టం చెప్పింది. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన 16వ అధికరణానికి విరుద్ధమని ప్రకటించింది. గ్రామోద్యోగం కుటుంబ ఆస్తి కాదు, ప్రభుత్వ కొలువు అని దీనితో స్పష్టమయింది.

అయినా ఆచరణలో పటేలు, పట్వారీల ఆధిపత్యం మరో రెండు దశాబ్దాలు కొనసాగింది. తెలంగాణలో చాలాచోట్ల అసలు వతన్‌దారు పట్నంలో ఉంటే, గుమాస్తా పటేలు ఊరిలో పని నడిపేవాడు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్ టైం గ్రామాధికారుల పోస్టులను రద్దు చేసింది. దీనిని సవాలు చేసిన టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1985లో ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. అదే సంవత్సరం తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి.

పై మెట్టు పోయింది కాని కింది మెట్టు పోలేదు. పటేలు, పట్వారీ తొలగిపోయినా, తలారి, నీరడి, సుంకరి ఊరిలోనే ఉన్నారు. వారి పని కూడా అలాగే ఉంది. మారింది వారికి పని చెప్పేవారు మాత్రమే.

6. పేర్లు మారిన కాలం

1985 తరువాత గ్రామ స్థాయి అధికారి పోస్టు పలుమార్లు రూపం మార్చుకొంది. గ్రామ సహాయకులు, గ్రామ పరిపాలనాధికారులు, 2002లో పంచాయతీ కార్యదర్శులు, 2007లో గ్రామ రెవెన్యూ అధికారులు – ఇలా వరుసగా పేర్లు వచ్చాయి. 2007లోనే తలారి, వెట్టి, నీరడి, మస్కూరి వంటి పాత పేర్లను తొలగించి, గ్రామ సేవకులందరినీ గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వి.ఆర్.ఏ.లు అని పిలవడం మొదలుపెట్టారు. కులాన్ని గుర్తుచేసే పిలుపు పోవడం చిన్న విషయం కాదు. 2012, 2014 సంవత్సరాలలో రాత పరీక్షల ద్వారా కొత్త వి.ఆర్.ఏ.లను ఎంపిక చేశారు. దీనివల్ల ఒకే పోస్టులో వారసత్వంగా వచ్చినవారు, పరీక్ష రాసి వచ్చిన పట్టభద్రులు పక్కపక్కన పని చేశారు. ఇద్దరికీ దక్కింది గౌరవ వేతనమే.

2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులను రద్దు చేసింది. భూమి రికార్డులు ధరణి పోర్టల్‌లోకి వెళ్ళాయి. పై అధికారి మళ్ళీ పోయాడు; సహాయకుడు మళ్ళీ మిగిలాడు. 2022 జూలైలో వి.ఆర్.ఏ.లు పే స్కేలు కోసం సమ్మెకు దిగారు. అది అక్టోబరు వరకు సాగింది. 2023 జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసి, 20,555 మందిని నీటిపారుదల, పురపాలక, పంచాయతీరాజ్, మిషన్ భగీరథ తదితర విభాగాలలో సర్దుబాటు చేయాలని నిర్ణయించింది. వీరిలో 61 ఏళ్ళు దాటినవారు 3,797 మంది; వారి స్థానంలో వారసులకు ఉద్యోగం ఇవ్వాలని కూడా నిర్ణయించింది.

ఈ నిర్ణయంలో రెండు చారిత్రక ప్రతిధ్వనులు వినిపిస్తాయి. నీరడి మనుమడు నీటిపారుదల శాఖలో లష్కరుగా చేరితే, చెరువు తూము నుంచి కాలువ తూముకు నడిచినట్లే. ఇక 1960 తీర్పు వద్దన్న వారసత్వం, జీవితకాలం తక్కువ ప్రతిఫలానికి పని చేసిన కుటుంబానికి పరిహారం రూపంలో తిరిగి వచ్చింది. అప్పుడు వారసత్వం ఆధిపత్యానికి ఆధారం. ఇప్పుడు అది పాత బాకీ తీర్చే మార్గం. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. అయితే ప్రభుత్వోద్యోగానికి అందరికీ సమానావకాశం ఉండాలన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

7. స్థానిక సంస్థల పాత్ర

ఇంతవరకు చూసిన నిర్ణయాలన్నీ ఎవరు తీసుకొన్నారు? కంపెనీ బోర్డు, దివాను, శాసనసభ, మంత్రివర్గం, సుప్రీంకోర్టు. ఊరి తరఫున ఎన్నికైన సభ పేరు ఎక్కడా రాలేదు. 1964 గ్రామ పంచాయతీల చట్టం, 1994 పంచాయతీరాజ్ చట్టం, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గ్రామానికి పారిశుద్ధ్యం, వీధిదీపాలు, తాగునీరు వంటి బాధ్యతలు ఇచ్చాయి. కావలి, భూమి రికార్డులు మాత్రం పోలీసు, రెవెన్యూ శాఖల వద్దే ఉన్నాయి.

తమ బాధ్యతలు నెరవేర్చడానికైనా సిబ్బందిని స్వేచ్ఛగా నియమించుకొనే అధికారం స్థానిక సంస్థలకు పరిమితం. 1994లో వచ్చిన నియామకాల క్రమబద్ధీకరణ చట్టం మంజూరైన పోస్టు లేకుండా, దినసరి వేతనం మీద సిబ్బందిని నియమించడాన్ని నిషేధించింది. ఇది స్థానిక సంస్థలకూ వర్తిస్తుంది. దీని వెనుక మంచి ఉద్దేశమే ఉంది: దొడ్డిదారి నియామకాలను ఆపడం, జీతాల భారాన్ని అదుపులో పెట్టడం. ఫలితం మరోలా వచ్చింది. పని ఆగదు కాబట్టి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతులు పెరిగాయి.

2019లో తెలంగాణ ప్రభుత్వం పంచాయతీలలో మల్టీపర్పస్ వర్కర్ల విధానం తెచ్చింది. అంతకుముందు పారిశుద్ధ్య కార్మికుడు, నీళ్ళు వదిలేవాడు, వీధిదీపాలు చూసేవాడు వేర్వేరు. ఇప్పుడు అవసరాన్ని బట్టి ఎవరైనా ఏ పనైనా చేయాలి. నెలకు 8,500 రూపాయల వేతనంతో ఈ విధానం మొదలయింది. చిన్న పంచాయతీకి ఇద్దరు ముగ్గురు మనుషులతో అన్ని పనులూ సాగడం సౌకర్యమే. కాని మోటారు, విద్యుత్ స్తంభం వంటి ప్రమాదకరమైన పనులకు శిక్షణ లేనివారిని పంపే అవకాశం ఉందని కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పన్నెండుమంది ఆయగాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క పని చేసిన ఊరిలో, ఇప్పుడు ఒక్కరే అన్ని పనులూ చేయాలన్నమాట.

బాన్సువాడ వంటి ఊరు పంచాయతీ నుంచి పురపాలక సంఘంగా మారినప్పుడు ఈ ప్రశ్న మరో రూపం తీసుకొంటుంది. పురపాలక పాలనకు 2019 తెలంగాణ పురపాలక చట్టం ఆధారం. కౌన్సిలు బడ్జెట్ ఆమోదిస్తుంది, తీర్మానాలు చేస్తుంది. కాని రెగ్యులర్ పోస్టుల మంజూరు రాష్ట్ర ప్రభుత్వానిది. ఊరి చెత్త ఎత్తే మనిషి ఏ వార్డులో పని చేయాలో ఊరిలోనే తేల్చుకోవచ్చు. అతను శాశ్వత ఉద్యోగి అవుతాడా లేదా అన్నది మాత్రం ఊరి చేతిలో లేదు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మరో ప్రయోగం జరిగింది. ఆగస్టు 15న గ్రామ వలంటీర్ల వ్యవస్థ, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. గ్రామాలలో సుమారు 50 ఇళ్ళకు ఒక వలంటీరు. సచివాలయంలో మహిళా పోలీసు పేరుతో ఒక ఉద్యోగిని. తలారి చేసిన కబురు పనిని వలంటీరు, కావలి పనిని మహిళా పోలీసు పంచుకొన్నట్లయింది. ఆ వలంటీరు వ్యవస్థ కూడా 2024లో ప్రభుత్వం మారిన తరువాత కొనసాగలేదు. ఎన్నికైన పంచాయతీతో సంబంధం లేకుండా పైనుంచి ఏర్పడిన వ్యవస్థ, పైనుంచే ఆగిపోయింది.

ఇది మన దేశానికే పరిమితమైన సమస్య కాదు. ఇంగ్లండులో 2000 తరువాత పేట కాపలాదారుల వంటి వార్డెన్ పథకాలను కేంద్ర ప్రభుత్వ నిధులతో ప్రారంభించారు. ఆ నిధుల గడువు తీరాక, వాటిని కొనసాగించాలా, కుదించాలా, వేరే విభాగంలో కలపాలా అని స్థానిక కౌన్సిళ్ళు తేల్చుకోవలసి వచ్చింది. అక్కడి కౌన్సిలుకు నిర్ణయం ఉంది, డబ్బు లేదు. ఇక్కడి కౌన్సిలుకు తరచుగా రెండూ లేవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) 2007లో గ్రామ సేవకుల పేర్లలో వచ్చిన మార్పుకు సామాజిక ప్రాధాన్యం ఏమిటి?
(ఆ) 1994 నియామకాల చట్టం స్థానిక సంస్థలపై చూపిన ప్రభావాన్ని తెలపండి.

8. రెండు దృక్పథాలు

గ్రామ సేవకుడు ఎవరి కింద ఉండాలనే విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. మొదటిదాని ప్రకారం అతను ఎన్నికైన స్థానిక సంస్థ కింద ఉండాలి. ఊరి అవసరం ఊరికే తెలుసు. తప్పు చేస్తే ఊరే అడగగలదు. రెండవదాని ప్రకారం అతను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిగా ఉండాలి. ఊరి పెత్తందార్ల చేతిలో పెడితే పాత వెట్టి మరో పేరుతో తిరిగి వస్తుంది.

చరిత్ర రెండింటిలోనూ నిజం ఉందని చూపుతుంది. నీరడి నీటిని న్యాయంగా పంచగలిగింది ఊరిని ఎరిగినవాడు కాబట్టి. సేత్‌సింధి పటేలు ఇంట కట్టెలు కొట్టవలసి వచ్చింది, ఊరు దాటి తన గోడు చెప్పుకొనే చోటు లేదు కాబట్టి. కనుక ఏ పునర్వ్యవస్థీకరణనైనా రెండు కొలతలతో కొలవాలి: ఊరికి దగ్గరగా ఉందా? సేవకుడికి ఊరి పెద్దల నుంచి రక్షణ ఉందా? నగదు జీతం, లిఖితపూర్వకమైన విధుల జాబితా, ఫిర్యాదు చేసుకొనే వేదిక – ఈ మూడూ ఉంటే ఎన్నికైన సభ కింద పని చేయడం అవమానం కాదు. అవి లేకపోతే ఎంత గొప్ప పేరు పెట్టినా వ్యవస్థ పాతదే.

2025లో తెలంగాణ ప్రభుత్వం భూభారతి చట్టం అమలుతోపాటు గ్రామ పాలన అధికారులను నియమించింది. 2020లో రద్దయిన గ్రామ స్థాయి అధికారి అయిదేళ్ళకు కొత్త పేరుతో తిరిగి వచ్చాడు. ఊరికి ఒక మనిషి కావాలన్న అవసరాన్ని ఏ పోర్టలూ పూర్తిగా తీర్చలేదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

9. సారాంశం

తలారి, నీరడి, సేత్‌సింధి మొదలైన గ్రామ సేవకులు మాన్యం, మేరలపై ఆధారపడి వంశపారంపర్యంగా పని చేశారు. బ్రిటిష్, నిజాం పాలనలు వారిని ప్రభుత్వ యంత్రాంగంలో కలుపుకొన్నాయి కాని సరైన జీతం ఇవ్వలేదు. రాజ్యాంగం వెట్టిని, వారసత్వాన్ని రెండింటినీ ప్రశ్నించింది. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ, 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయ్యాయి. 2023లో వి.ఆర్.ఏ.లను వివిధ శాఖలలో సర్దుబాటు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈ నిర్ణయాలలో స్థానిక సంస్థల పాత్ర స్వల్పం. నియామకం, జీతం, జవాబుదారీతనం అనే మూడు అంశాలను కలిపి ఆలోచించినప్పుడే గ్రామ సేవల సంస్కరణ నిలబడుతుంది.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. నిజాం రాజ్యంలో గ్రామ సేవకుల స్థితిగతులను వివరించండి.
2. 1984 నుంచి 2023 వరకు తెలంగాణ ప్రాంతంలో గ్రామోద్యోగాల పునర్వ్యవస్థీకరణను సమీక్షించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. గాజుల దశరథరామారావు కేసు ప్రాధాన్యం ఏమిటి?
2. 1955 ఇనాముల రద్దు చట్టం సేవా ఇనాములను ఎందుకు మినహాయించి ఉంటుంది?
3. మీ ఊరిలోనో, వార్డులోనో పాత రోజులలో కావలి, నీటి పంపిణీ పనులు ఎవరు చేసేవారో పెద్దలను అడిగి తెలుసుకొని, ఆ పనులను ఇప్పుడు ఎవరు చేస్తున్నారో పోల్చి రాయండి.